ఈ పాటకు నేను కూర్చుంటాను

పిల్లల్ని మా చేతికి అప్పగించి, ఆ చేతుల మీద తన కన్ను ఉంచిన దేవునికి ముందుగా స్తోత్రం. ఆయన చూస్తున్నాడన్న భయంతోనే ముప్ఫై ఏళ్లకు పైగా బళ్లలో పనిచేశాను. ఆ భయం లేని మనిషి చేతికి పిల్లల్ని వదలకూడదని ఇప్పటికీ నమ్ముతాను.

2018 జూన్‌లో నన్ను ఎర్రగుంట్ల దగ్గర ఒక ఫ్యాక్టరీ కాలనీ బడికి వైస్ ప్రిన్సిపాల్‌గా తీసుకున్నారు. అంతకు ముందు నా ఉద్యోగమంతా కర్నూలులోనే గడిచింది. మాది నందికొట్కూరు. మా నాయన చర్చి సంఘంలో వాక్యం చెప్పే ఉపదేశి. బడి పనికీ ఆదివారం పాఠశాలకూ మధ్య నేను ఎప్పుడూ గీత గీయలేదు.

వైస్ ప్రిన్సిపాల్ అంటే ఏమిటని చాలామంది అడుగుతారు. బయటివాళ్లకు జవాబు చెప్పేది ప్రిన్సిపాల్, లోపల జరిగేదానికి కాపలా వైస్ ప్రిన్సిపాల్. టైమ్‌టేబుల్ వేయడం, రాని టీచరు పీరియడ్‌కు ఇంకొకరిని పంపడం, బస్సు డ్యూటీలు, క్రమశిక్షణ, వీటన్నిటికీ ఒకటే అర్హత కావాలి. అనుమానించడం తెలియాలి. వరండా మలుపులో పిల్లలు ఒక్కసారిగా మాట ఆపేస్తే ఎందుకు ఆపారో తెలుసుకునేదాకా నాకు నెమ్మది ఉండేది కాదు.

ఆ బడిలో సగం మంది ఆఫీసర్ల పిల్లలు, ఇతర రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్లు. మిగతా సగం చుట్టుపక్కల ఊళ్ల నుంచి బస్సులో వచ్చేవాళ్లు. లారీలున్నవాళ్ల పిల్లలు, నాపరాయి గనులున్నవాళ్ల పిల్లలు, రైతుల పిల్లలు. రెండు గుంపులూ ఒకే గదిలో కూర్చునేవి, కలిసేవి కావు. ఊరి పిల్లలు కొత్తవాళ్ల ముందు నోరు తెరవరు, తెరిస్తే వెక్కిరింతకే. ఉత్తరాది నుంచి వచ్చిన మా ప్రిన్సిపాల్‌కు దీనికొక మందు తోచింది. తొమ్మిదో తరగతికి శుక్రవారం చివరి పీరియడ్‌లో మర్యాదల క్లాసు పెట్టారు. నలుగురిలో పరిచయం చేసుకోవడం, మాట కలపడం, భోజనాల బల్ల దగ్గర నడుచుకోవడం, చివరికి జంటగా ఆడే బాల్‌రూమ్ నాట్యం. వార్షికోత్సవానికి పెద్దలు వస్తారు కాబట్టి వాళ్ల ముందు పిల్లలు వాల్ట్జ్ అనే జంట నాట్యం ఆడాలని ఆయన కోరిక.

నేను వద్దన్నాను. బైబిల్లో ఒక రాజు విందులో ఒక పిల్ల ఆడిన ఆట ప్రవక్త తలను పళ్లెంలోకి తెచ్చిన సంగతి చిన్నప్పటి నుంచి వింటూ పెరిగినదాన్ని. అదే బైబిల్లో దేవుని మందసపు పెట్టె ముందు ఇంకో రాజు గంతులు వేశాడు కదా అని మా సంఘంలోనే కొందరు వాదిస్తారు గానీ, ఆ రాజు ఎవరి చెయ్యీ పట్టుకోలేదు. నా అభ్యంతరం విని ప్రిన్సిపాల్, అయితే మీరే ప్రతి క్లాసులో వెనక కూర్చుని పర్యవేక్షించండి అన్నారు. మాట తప్పించుకోవడానికి అన్నారో, నిజంగానే అన్నారో తెలియదు. నేను మాత్రం నిజంగానే తీసుకున్నాను.

నేర్పడానికి వచ్చినావిడ పేరు డోరతీ. అరవై దాటిన మనిషి, గుంతకల్లు రైల్వే కాలనీలో పుట్టి పెరిగిన ఆంగ్లో ఇండియన్. తండ్రి ఇంజన్ డ్రైవరు. రైల్వే ఇన్‌స్టిట్యూట్ హాల్లో చెక్కనేల మీద అడుగు జారేందుకు పౌడర్ చల్లుకుని శనివారాలు ఆడేవాళ్లట. మోకాళ్ల దాకా గౌను, పెదవులకు రంగు, మెడలో సిలువ. ఆ రంగూ ఆ సిలువా ఒకే మనిషి మీద ఉండటం నాకు మొదటి రోజే నచ్చలేదు. తెలుగు గుంతకల్లు తెలుగే, బాగా మాట్లాడేది.

కబురు ఊళ్లలోకి పాకింది. మొదట వచ్చిన తండ్రి ఓబులేసు గారు. ఆయనకు లారీలున్నాయి, పెద్ద సేద్యం ఉంది. కూతురు ప్రసన్న తొమ్మిదిలో లెక్కలకు మొదటి పిల్ల. ఆమె అక్కను ఇదే బడిలో తొమ్మిది మధ్యలోనే మానిపించారు. ఎవరో ఏదో అన్నారని, అంతే. ఆ సంగతి ప్రసన్నకు తెలుసు, టీచర్లకూ తెలుసు. ఆయన నా గదిలో కుర్చీ అంచున కూర్చుని, గొంతు పెంచకుండా అడిగాడు.

"ఏం మేడమ్, చదువు చెప్తాండారా, చిందులేపిస్తాండారా?"

నేను కూడా ఇష్టం లేకనే ఒప్పుకున్నానని, వెనక కూర్చునేది నేనేనని చెప్పాను. ఆయన కొంచెం మెత్తబడ్డాడు. "మీరు దేవుని బిడ్డ, మీ మీద నమ్మకముండాది. ఒగటే మాట. దీంట్లో ఏమన్నా తేడా వచ్చిందంటే పాప మరుసటి దినం బడికి రాదు. వాళ్లక్కకు చెప్పిన మాటే దీనికీ" అన్నాడు. తర్వాత లేస్తూ, తన బామ్మర్ది కొడుకు హర్ష అదే క్లాసులో ఉన్నాడని, వాడు కూడా ఒక కన్నేసి ఉంచుతాడని చెప్పాడు.

ఆ మాట నాకు ధైర్యాన్నిచ్చింది. కాపలాకు ఇంకొకరు దొరికారనుకున్నాను.

తల్లిదండ్రుల భయం తీర్చడానికి నేను రెండు నియమాలు పెట్టాను. మొదటిది, చెయ్యి చెయ్యి తగలకూడదు. ఇద్దరి మధ్య చేతిరుమాలు ఉండాలి, ఆ చివర ఒకరు, ఈ చివర ఒకరు పట్టుకోవాలి. రెండోది, ఊరి పిల్లలను వరసలు చూసి జతపరచాలి. అన్నాచెల్లెళ్ల వరస అయితే ఎవరూ నోరెత్తరు. ఇంటిపేర్లు, పెళ్లి సంబంధాలు విచారించి ఎవరికెవరు అన్న అవుతారో, ఎవరికెవరు చెల్లెలవుతుందో తేల్చాను. మా సీమలో వరస తెలియకుండా ఇద్దరు పిల్లలను పక్కపక్కన నిలబెట్టరు. డోరతీ మొదటి నియమానికి ఒప్పుకుంది. రెండోదానికి ఒప్పుకోలేదు.

ఆమె లెక్క ప్రకారం ఈ నాట్యంలో జత ఎవరికీ సొంతం కాదు. పాట మారితే జత మారాలి. మారేది అడగడం వల్ల. ఆ అడగడమే అసలు పాఠమని, అడుగులు తర్వాత ఎవరైనా నేర్చుకుంటారని ఆమె వాదించింది. ప్రిన్సిపాల్ ఆమె పక్షం వహించారు. దానితో నా అనుమానం ఇంకా గట్టిపడింది. మగపిల్లలను ఆడపిల్లల దగ్గరికి అడగడానికి పంపే పాఠం నేను ఏ బడిలోనూ చూడలేదు.

ఆమె నేర్పిన పద్ధతి ఇది. అబ్బాయి హాలు దాటి వెళ్లాలి, రెండు బారల దూరంలో ఆగాలి, తల కొంచెం వంచి "నాతో ఆడతారా?" అనాలి. ఇంగ్లీషులో అడిగితే పిల్లలు నవ్వుతున్నారని తెలుగులోనే అడగమంది. అమ్మాయికి ఇష్టమైతే లేచి వస్తుంది. ఇష్టం లేకపోతే "ఈ పాటకు నేను కూర్చుంటాను" అంటుంది. అలా అంటే అబ్బాయి సరే అని చెప్పి తన కుర్చీకి తిరిగి వెళ్లాలి. ఎందుకని అడగకూడదు, మొహం మాడ్చుకోకూడదు. అమ్మాయికీ ఒక కట్టుబాటు ఉంది. ఒకరిని వద్దన్నాక అదే పాటకు ఇంకొకరితో ఆడకూడదు. ఆ పాటంతా కూర్చోవాలి. వద్దనిపించుకున్నవాడికి అవమానం కాకుండా ఉండేందుకట.

మొదటి రెండు వారాలు నవ్వులే సరిపోయాయి. ఒకడు తల వంచితే వెనక నుంచి ఇంకొకడు, "ఏమప్పా, ఇంగా రోంత వంగు, తీర్థం పోస్తాది" అన్నాడు. హాల్లో పరిచినవి కడప బండలు, నున్నగా ఉండవు. బూట్లు విప్పించి మేజోళ్లతో ఆడించింది. ఒక్కో బండ ఒక్కో గడి, దాని నాలుగు మూలలూ తొక్కితే వాల్ట్జ్ చదరం వస్తుందని బండల సందులే గీతలుగా చూపించింది. వెనక్కి అడుగు వేయమన్నప్పుడు లారీ డ్రైవరు కొడుకు ఒకడు, "క్లీనరు లేకుండా రివర్సు యెట్ల కొట్టేది మేడమ్, ఎవురన్నా ఎనకాల నిలబడి రైట్ రైట్ అనల్ల" అంటే డోరతీ కూడా నవ్వింది. నేను నవ్వలేదు. నా చూపు రుమాళ్ల మీద ఉంది.

భోజనాల పాఠం రోజు మాత్రం ఆమె చేసిన పని నాకు తప్పు తోచలేదు. చెంచాలు, ఫోర్కులు వాడటం నేర్పాక, రాగి సంగటి, చెనిక్కాయలతో రుబ్బిన ఊరుబిండి పచ్చడి తెప్పించి ఆఫీసర్ల పిల్లలకు చేత్తో తినడం నేర్పమని ఊరి పిల్లలకు చెప్పింది. అరచేతికి అంటకుండా ముద్ద చేయడం, నమలకుండా మింగడం. ఒడిశా నుంచి వచ్చిన ఇంజనీరు కొడుకు సుభాశిష్ ముద్దను పళ్ల కింద వేసి నములుతుంటే ప్రసన్న, "ఏయ్, అది బబుల్‌గమ్ కాదు, మింగు" అంది. ఆ పిల్ల అంత గట్టిగా మాట్లాడటం నేను అంతకు ముందు వినలేదు. ఆ మాటను కూడా మనసులో ఒక మూల పెట్టుకున్నాను.

తర్వాతి వారాల్లో నేను గమనించింది వేరొకటి. ప్రసన్న ఆడటం మానేసింది. పాట మొదలైతే కూర్చుంటుంది, అయిపోయాక కూర్చునే ఉంటుంది, తర్వాతి పాటకూ కూర్చుంటుంది. అడుగులు రాకనా అంటే, కాదు. కుర్చీ కింద ఆమె కాళ్లు లెక్క తప్పకుండా కదులుతూనే ఉండేవి. చూపు గుమ్మం వైపు. పదిహేనేళ్ల పిల్ల పాటలన్నీ మానుకుని గుమ్మం చూస్తుంటే వైస్ ప్రిన్సిపాల్ ఏమనుకుంటుంది? ఎవరి కోసమో చూస్తోందనుకున్నాను. ఆఫీసర్ల పిల్లల్లో ఎవడో ఉన్నాడనుకున్నాను. పిలిచి ఒంట్లో బాగాలేదా అని అడిగాను. "బాగనే ఉండాది మేడమ్" అంది.

ప్రతి పాటకూ ఆమె దగ్గరికి ముందుగా వెళ్లేది హర్ష. అది కూడా చూశాను. చూసి సంతోషించాను. తండ్రి చెప్పినట్టు పిల్లవాడు కాపలా కాస్తున్నాడనుకున్నాను.

ఒక శుక్రవారం క్లాసు ముందు డోరతీ ఆ పిల్లతో వరండాలో తగ్గు గొంతుతో మాట్లాడుతూ కనిపించింది. నేను దగ్గరికి వెళ్లేసరికి మాట ఆగింది. క్లాసు మొదలయ్యాక డోరతీ, ఈ రోజు అబ్బాయిలు కూర్చుంటారు, అమ్మాయిలు అడుగుతారు అని ప్రకటించింది. గుంతకల్లులో కూడా నెలకొక రాత్రి అలా ఉండేదట. నేను కుర్చీలోంచి లేచాను. లేచేలోపే ప్రసన్న హాలు దాటింది. హర్షను దాటింది. సుభాశిష్ ముందు రెండు బారల దూరంలో ఆగి, తల వంచి, అడిగింది.

వాడు ఏ వరసకూ అందని పిల్లవాడు. అన్న కాడు, బావ కాడు. రుమాలు చెరొక చివర పట్టుకుని ఇద్దరూ ఆ పాటంతా ఆడారు. ఆ పిల్ల ఒక్క అడుగు కూడా తప్పలేదు. డోరతీయే వీళ్లిద్దరినీ కలిపిందని తీర్మానించుకున్నాను. మర్నాడు ప్రిన్సిపాల్‌కు చెప్పాలనుకున్నాను.

నాకంటే ముందు హర్ష చెప్పాడు. ఆ సాయంత్రమే మామ ఇంటికి పోయి, నీ కూతురు నోరు తెరిచి ఒడిశావాడిని అడిగిందని చెప్పాడు. మర్నాడు శనివారం, సగం పూట బడి. మొదటి గంట కొట్టకముందే ఓబులేసు గారు కూతురినీ హర్షనూ వెంటబెట్టుకుని ప్రిన్సిపాల్ గదికి వచ్చాడు. టీసీ ఇప్పించమన్నాడు. ప్రసన్న యూనిఫాం వేసుకోలేదు, ఇంటి బట్టల్లో వచ్చింది. బ్యాగు కూడా లేదు. అది చూడగానే మాకందరికీ అర్థమైంది.

ప్రిన్సిపాల్‌కు తెలుగు రాదు, నేను మధ్యవర్తిని. డోరతీని పిలిపించారు. ఆమె వచ్చి గోడ పక్కన నిలబడింది. నేను ముందుగా హర్షను అడిగాను, నువ్వు చూసింది చెప్పు అని. వాడు నా వైపు చూడలేదు, మామ వైపు చూసి చెప్పాడు.

"నా మరదలు మామా. నన్ను కాదని ఇంగెవున్నో అడగడమేంది?"

ఓబులేసు గారు కూతురి వైపు తిరిగాడు. ఆయన గొంతులో కోపం కంటే కలవరం ఎక్కువగా ఉంది. "వాడు మనోడు గదమ్మా. ఆడల్లనుకుంటే వాడితో ఆడితే అయిపాయ గదా. వాన్నిడిసిపెట్టి, పేరు గూడా తెలీనోన్ని యాల అడిగితివి?"

అప్పటిదాకా ఆయన కోపం నాట్యం మీద అనుకున్నాను. బావతో ఆడి ఉంటే ఆయనకు ఏ అభ్యంతరమూ లేదని అప్పుడు తెలిసింది. ప్రసన్న చేతులు వెనక్కి పెట్టుకుని, క్లాసులో నేర్పినట్టు తల ఎత్తి, తండ్రి కళ్లలోకి చూస్తూ మాట్లాడింది.

"బస్సులో నా పక్కన ఎవురినీ కూచ్చోనీడు నాయనా. నా జడ పట్టుకోని గుంజుతాడు. ఇడువంటే, నా మరదలు, నా ఇష్టమంటాడు. అందురూ నగుతారు. క్లాసులో గూడా ముందర వాడే వస్తాడు. వద్దంటే పాటంతా కూచ్చోవాల. అందుకే ఇన్ని దినాలూ కూచ్చుంటి." కాస్త ఆగి, "కానీ వారంలో ఆ ఒక్క గంటే నాయనా, నేను వద్దంటే వాడు ఎనక్కి పొయ్యేది" అంది.

హర్ష, "ఉత్తిత్తినే అంటి మామా, మరదలే గదా" అన్నాడు. ఓబులేసు గారు డోరతీ వైపు తిరిగి అడిగాడు.

"ఇట్ల వద్దనేది నేర్పిస్తాండారే, రేపు మేము చూసినోన్ని గూడా వద్దంటాది గదా?"

నేను ఏదో ఒకటి చెప్పి ఆయనను శాంతింపజేయాలనుకున్నాను. డోరతీ నాకు ఆ అవకాశం ఇవ్వలేదు.

"అనొచ్చు సార్" అంది. "కానీ సరే అనిందంటే, అది భయపడి అన్న సరే కాదని మీకు తెలుస్తాది."

ఆయన ముఖం చూసి ఆ మాట నచ్చిందో లేదో చెప్పలేకపోయాను. నమ్మాడని మాత్రం అనుకోను. లేచి నిలబడి తన తీర్పు చెప్పాడు. టీసీ వద్దు. పాప పది అయ్యేదాకా ఇక్కడే చదువుతుంది. నాట్యం మాత్రం ఈ రోజుతో సరి. హర్ష భుజం మీద చెయ్యి వేసి, ఇకమీదట బస్సులో డ్రైవరు పక్క సీట్లో కూర్చోవాలని, ఆ సంగతి వాళ్ల నాయనతో తానే మాట్లాడతానని చెప్పాడు. తర్వాత కూతురితో, "ఇంటికి పోయి బట్టలు మార్చుకోని రాపో, రెండో గంటకన్నా అందుకుంటావు" అన్నాడు. ఆ పిల్ల బయట ఆగి ఉన్న ఆయన బండి వైపు పరుగెత్తింది.

వాళ్లు వెళ్లాక డోరతీని అడిగాను, వరండాలో ఆ పిల్లతో ఏం చెప్పావని. ఆమె తేలిగ్గా చెప్పింది: "నీకు ఎవరితో ఆడాలని ఉంటే వాళ్లను అడగమన్నాను. ఎవరని నేను అడగలేదు." సుభాశిష్‌ను ఎందుకు అడిగిందో నేను ప్రసన్ననే విచారించాను. విచారించడం నా పని. వాడు లెక్క తప్పకుండా అడుగు వేస్తాడని, అందుకేనని చెప్పింది. ఆ తర్వాత కూడా చాలా రోజులు వాళ్లిద్దరి మీద ఒక కన్ను ఉంచాను. ఏమీ లేదు.

ఆ సోమవారం నుంచి బస్సుల్లో ఒక్కో ఆయాను వేశాను. ఊరి నుంచి వచ్చే మిగతా ఆడపిల్లలను ఒక్కొక్కరినే పిలిచి అడిగితే, బస్సులో బావల సంగతి ప్రసన్న ఒక్కదానిది కాదని తేలింది. ఎవరూ ఎందుకు చెప్పలేదంటే, అది చెప్పుకునేంత విషయమని వాళ్లతో ఎవరూ అనలేదు. మరదలిని బావ ఏడిపించడం మా ఇళ్లలో నవ్వుకునే సంగతి. మా అమ్మమ్మ కూడా నవ్వేది.

వార్షికోత్సవంలో వాల్ట్జ్ జరగలేదు. ఇంకో ఇద్దరు తండ్రులు కూడా వచ్చి అడ్డుచెప్పారు, ప్రిన్సిపాల్ వెనక్కి తగ్గారు. డోరతీ ఆ ఏడాది చివర గుంతకల్లుకు తిరిగి వెళ్లిపోయింది. నాట్యం మీద నా అభిప్రాయం ఆ రోజు ఎలా ఉందో ఈ రోజూ అలాగే ఉంది. అది విశ్వాసులకు తగిన పని కాదు. ఆమె పెదవుల రంగు గురించీ నా మనసు మారలేదు. కానీ అడగడం, వద్దనడం, వెనక్కి పోవడం, ఈ మూడింటినీ నాట్యం లేకుండా నేను పదవీ విరమణ చేసేదాకా ఎనిమిది, తొమ్మిది తరగతులకు నేర్పించాను. పుస్తకం అరువు అడగడం, సీటు అడగడం, ఆటలో చేరతానని అడగడం. వద్దన్నవాళ్లను ఎందుకని అడగకుండా తిరిగి రావడం. మగపిల్లలకు ఆ తిరిగి రావడం నేర్పడమే అన్నిటికంటే కష్టమైంది. ఆదివారం పాఠశాలలో అవునంటే అవునని, కాదంటే కాదని ఉండాలని ఎన్నో ఏళ్లు బోధించాను. కాదన్న మాట విన్నవాడు ఏం చేయాలో మాత్రం అక్కడ ఎవరూ ఎవరికీ నేర్పలేదు.

ఈ ఉదంతం నాకు నేర్పింది ఇది. బడిని కాపాడేవాళ్లకు అనుమానం ఉండాలి, ఉండి తీరాలి. కానీ మన అనుమానం ఎప్పుడూ కొత్తవాడి మీదికే పోతుంది. గౌను వేసుకున్న ఆడమనిషి మీదికి, వరస లేని పిల్లవాడి మీదికి పోతుంది. హక్కు ఉందనుకునేవాడి మీదికి పోదు, ఎందుకంటే వాడిని మనమే కాపలా పెట్టి ఉంటాం. పిల్లలతో పనిచేయబోయేవాళ్లు ముందు కాపలావాళ్లను చూడాలి.

ప్రసన్న పది పూర్తిచేసి వెళ్లింది. ఆ తర్వాత ఆమె సంగతి నాకు తెలియదు. ఇప్పటికి ఆమెకు సంబంధాలు చూసే వయసు వచ్చి ఉంటుంది. ఇది చదివినవారు పుస్తకం మూసేముందు నాతో కలిసి ఒక్క నిమిషం తల వంచండి. ఆ ఇంట్లో ఎవరైనా ఆమెను నిజంగా అడగాలని, ఆమె ఏం చెప్పినా వినే ఓర్పు ఆ తండ్రికి ఇవ్వమని దేవుణ్ణి వేడుకోండి. ఆమెన్.